పేరు చెక్కకముందు గ్లాసు: బోయెథియస్ నుంచి అబెలార్డ్ దాకా ఒక పాత చిక్కు

పెళ్ళికో గృహప్రవేశానికో వచ్చిన స్టీలు సామాను మీద పేర్లు చెక్కించడం మన ఇళ్ళలో మామూలే. ఒకే కొట్లో కొన్న డజను గ్లాసులను వరసగా పెట్టండి. ఎత్తు, బరువు, మెరుపు అన్నీ ఒకటే. పేరు చెక్కాక ఇది మనది, అది పక్కింటివాళ్ళది అని తెలిసిపోతుంది. మరి పేరు చెక్కకముందు అవి ఎన్ని గ్లాసులు? అప్పుడూ పన్నెండే. చెక్కిన పేరు మనం గ్లాసును గుర్తుపట్టడానికి పనికొచ్చిందంతే. దాన్ని ఒక గ్లాసును చేసింది ఆ పేరు కాదు.

గుర్తుపట్టడం వేరు, ఒకటై ఉండడం వేరు. ఈ తేడా స్పష్టపడడానికి పడమటి క్రైస్తవ తాత్వికులకు 6వ శతాబ్దం మొదలు నుంచి 12వ శతాబ్దం మొదలు దాకా, అంటే సుమారు ఆరు వందల ఏళ్ళు పట్టింది. ఆ కాలపు తత్వచింతన గురించి రాసేవాళ్ళు ఎక్కువగా ‘సామాన్యాలు నిజంగా ఉన్నాయా’ అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు. రాముడు, సోముడు, భీముడు అందరిలోనూ ఉండే ‘మనిషితనం’ అనేది విడిగా ఒకటి ఉందా, లేక అది మాటేనా అన్నది ఆ ప్రశ్న. నాకు మాత్రం దాని వెనక దాక్కున్న ప్రశ్నే పెద్దదనిపిస్తుంది. మనిషితనం అందరిలోనూ ఒకటే అయితే, రాముణ్ణి రాముడిగా చేసేది ఏమిటి?

ఇది మనవాళ్ళకు కొత్త ప్రశ్న కాదు. తర్కసంగ్రహం చదివిన తెలుగు విద్యార్థికి ‘నిత్యం, ఏకం, అనేకానుగతం సామాన్యం’ అన్న లక్షణం నోటికి వస్తుంది. ఎప్పుడూ ఉండేది, ఒక్కటే అయినది, అనేకాల్లో వ్యాపించి ఉండేది సామాన్యం. ఆవుతనం జాతి, కళ్ళ ముందున్న ఈ ఆవు వ్యక్తి. ఆ పరిభాషలో ఆవు కూడా వ్యక్తే, కుండ కూడా వ్యక్తే. ఇవాళ్టి తెలుగులో వ్యక్తి అంటే మనిషి మాత్రమే. ఈ మాట అర్థం మారిన తీరును గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది. ఇంతకుమించి పోలికల జోలికి వెళ్ళను. అక్కడి చర్చకు దాని సొంత కారణాలున్నాయి.

అక్కడి కథ పోర్ఫిరితో మొదలవుతుంది. తూరు పట్టణంలో పుట్టి, రోములో ప్లొటైనస్ దగ్గర చదువుకున్న ఈ 3వ శతాబ్దపు తాత్వికుడు క్రైస్తవుడు కాదు సరిగదా, క్రైస్తవుల మీద ఖండన గ్రంథం రాసినవాడు. అయినా అరిస్టాటిల్ తర్కం నేర్చుకోబోయేవాళ్ళకోసం అతను రాసిన ‘ఇసగోగె’ అన్న చిన్న పరిచయ గ్రంథం, ఆ తర్వాత వెయ్యేళ్ళ క్రైస్తవ చదువులకు మొదటి వాచకమైంది. అందులో మొదటి పేజీలోనే మూడు ప్రశ్నలు వేస్తాడు. ‘జంతువు’ వంటి జాతులూ, ‘మనిషి’ వంటి ఉపజాతులూ నిజంగా ఉన్నాయా, ఉత్త ఆలోచనలేనా? ఉంటే వాటికి శరీరం ఉందా, లేదా? లేకపోతే అవి ఇంద్రియాలకు దొరికే వస్తువులకు వేరుగా ఉంటాయా, వాటిలోనే ఉంటాయా? ఇవి లోతైన సంగతులు, ఇక్కడ వద్దు అని పక్కన పెట్టేశాడు. అతను దాటేసిన మూడు వాక్యాల మీద తరవాతివాళ్ళు రాసిన పుటలకు లెక్కలేదు.

అంతగా ఎవరి కంటా పడని మరో వాక్యం అదే పుస్తకంలో ఉంది. ఒక్కో విడి వస్తువూ కొన్ని లక్షణాల కూడిక అనీ, సరిగ్గా అదే కూడిక ఇంకొకదానిలో ఎప్పటికీ రాదనీ అంటాడు పోర్ఫిరి. సోక్రటీసు అంటే ఫలానా బట్టతల, ఫలానా చప్పిడి ముక్కు, ఫలానా తండ్రి కొడుకు, అన్నీ కలిసి. తర్కం నేర్పేవాడికి ఈ మాట చాలు. ఒకణ్ణి ఎలా ఎత్తిచూపాలో అది చెబుతుంది. ఆ తరవాత చదివినవాళ్ళు మాత్రం, ఒకడు ఒకడిగా ఎలా అవుతాడో కూడా ఇదే చెబుతోందనుకున్నారు. చిక్కుముడి అక్కడ పడింది.

ఈ పుస్తకాన్ని లాటిన్‌లోకి తెచ్చినవాడు బోయెథియస్. 480 ప్రాంతంలో రోములోని పెద్ద కుటుంబంలో పుట్టి, 510లో కాన్సులై, ఇటలీని ఏలిన గోతు రాజు థియొడరిక్ కొలువులో ఉన్నత పదవి చేసి, రాజద్రోహ నేరం మోపగా 524 ప్రాంతంలో మరణశిక్షకు గురైనవాడు. ప్లేటో, అరిస్టాటిల్ రచనలన్నిటినీ లాటిన్‌లో పెట్టాలన్నది అతని సంకల్పం. అందులో కొంతే పూర్తయింది, ఆ కొంతే తరవాతి ఆరు శతాబ్దాలకు ఆధారమైంది. ఇసగోగె మీద రెండు వ్యాఖ్యానాలు రాశాడు. రెండోదానిలో పోర్ఫిరి వదిలేసిన ప్రశ్నలను చేతిలోకి తీసుకున్నాడు.

అతని వాదం ఇలా సాగుతుంది. ఉన్నదేదైనా ఒకటిగా ఉండాలి. సామాన్యమేమో ఒకే వేళలో అనేకాల్లో ఉండాలి. ఒక వస్తువును పలువురు పంచుకోవడానికి మనకు తెలిసిన దారులు చూద్దాం. రొట్టెలాగా ముక్కలు చేసి పంచుకోవచ్చు, అప్పుడు ఎవరికీ మొత్తం దక్కదు. ఒకే గుర్రాన్ని ఇవాళ ఒకరు, రేపు ఒకరు వాడుకున్నట్టు వంతులవారీగా పంచుకోవచ్చు, అప్పుడు ఒకే వేళలో అందరికీ ఉండదు. నాటకాన్ని వందమంది ఒకేసారి చూసినట్టు పంచుకోవచ్చు, కానీ నాటకం చూసేవాళ్ళ స్వరూపంలో భాగం కాదు. మనిషితనం అలా కాదు. అది ప్రతి మనిషిలోనూ పూర్తిగా, ఒకే వేళలో, ఆ మనిషి స్వరూపమే తానై ఉండాలి. అలా ఉండగలిగే ‘ఒక్కటి’ ఏదీ దొరకదు. కాబట్టి సామాన్యం అనే వస్తువు లేదు.

మరి మన ఆలోచనలు అబద్ధమా అంటే, కాదంటాడు. గీత వస్తువులోనే ఉంటుంది, వస్తువు లేకుండా గీత ఉండదు. అయినా మనసు గీతను విడదీసి ఆలోచించగలదు, ఆ ఆలోచన తప్పూ కాదు. అలాగే విడివిడి మనుషుల పోలికను మనసు ఏరి తీసి సామాన్యంగా భావిస్తుంది. ఒకే ఆధారం ఇంద్రియాలకు తగిలినప్పుడు విడి వస్తువు, ఆలోచనకు అందినప్పుడు సామాన్యం. ఒకే వంపు గీత ఒకవైపు నుంచి గుంటగా, ఇంకోవైపు నుంచి ఉబ్బుగా ఉన్నట్టు. ఇది అరిస్టాటిల్ దారి అనీ, ప్లేటోకీ అరిస్టాటిల్‌కీ మధ్య తీర్పు చెప్పడం ఇక్కడ తన పని కాదనీ అంటాడు. నా మటుకు ఆ వంపు గీత ఉపమానం అందంగా ఉంటుంది గానీ, ముడి విప్పదు. ఆలోచన ఏరి తీసిన ఆ పోలిక వస్తువుల్లో ఏ రూపంలో ఉంది అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

ఇంతవరకూ తర్కశాస్త్రం. బోయెథియస్ దైవశాస్త్రంలోకి అడుగుపెట్టగానే అదే ప్రశ్న బరువెక్కుతుంది. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు, అయినా దేవుళ్ళు ముగ్గురు కారు. తెలుగు క్రైస్తవులు ‘త్రియేక దేవుడు’ అనే చిన్న మాటలో ఇరికించిన సంగతి ఇది. రాముడు మనిషి, సోముడు మనిషి, భీముడు మనిషి అంటే ముగ్గురు మనుషులే కదా, అక్కడ ఎందుకు కాకూడదు? దీనికి తూర్పున 4వ శతాబ్దంలోనే నిస్సా గ్రెగొరీ సాహసమైన జవాబు ఒకటి ఇచ్చాడు. నిజానికి ‘ముగ్గురు మనుషులు’ అనడమే మన వాడుకలోని పొరపాటు, మానవ స్వభావం ఒక్కటే, ‘మనిషి’ అన్న పేరు ఆ స్వభావానిది అన్నాడు.

బోయెథియస్ త్రిత్వం మీద రాసిన చిన్న పుస్తకంలో వేరే దారి పట్టాడు. ముగ్గురు మనుషులు జాతిలో వేరు కారు, ఉపజాతిలో వేరు కారు, వాళ్ళను వేరు చేసేది ఆగంతుక ధర్మాలు. అంటే రంగు, ఎత్తు, కూర్చున్న చోటు వంటి, వచ్చిపోయే లక్షణాలు. మనసులో వాటన్నిటినీ ఒక్కొక్కటే ఒలిచి పారేసినా చోటు మాత్రం మిగులుతుంది, రెండు శరీరాలు ఒకే చోట ఇమడవు, అందుకే వాళ్ళు పలువురు. దేవుడిలో ఆగంతుక ధర్మాలే లేవు గనుక అక్కడ ఆ రకం లెక్కకు తావులేదు. ఉన్న తేడా సంబంధంలోనే: తండ్రి కొడుకుకు తండ్రి, కొడుకు తండ్రికి కొడుకు.

దేవుడి విషయంలో ఈ మాట అతనికి ఉపయోగపడింది. మనుషుల విషయంలో మాత్రం మన గ్లాసు మీద చెక్కిన పేరును గ్లాసుకు కారణం చేసింది. పైగా ఇంకో వ్యాఖ్యానంలో అతనే ‘ప్లేటోతనం’ అన్న మాటను పుట్టించాడు. మనిషితనం అందరిదీ అయినట్టు, ప్లేటోతనం ప్లేటో ఒక్కడిదే, ఇంకెవరికీ అంటని గుణం. అది పోర్ఫిరి చెప్పిన లక్షణాల కూడికా, లోపలి స్వరూపమా అన్నది తేల్చలేదు. రెండు పొంతనలేని దారులూ ఒకే రచయిత నుంచి తరవాతివాళ్ళకు చేరాయి.

ఇప్పుడు ‘వ్యక్తి’ దగ్గరికి వద్దాం. 451లో ఖాల్సెదోనులో కూడిన చర్చి మహాసభ క్రీస్తు ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు అని తీర్మానించింది. నెస్టోరియస్ రెండు వ్యక్తులన్నాడనీ, యుటికీస్ ఒకే స్వభావమన్నాడనీ ఆ ఇద్దరినీ తప్పుపడుతూ బోయెథియస్ మరో పుస్తకం రాశాడు. ముందు వ్యక్తి అంటే ఏమిటో తేల్చాలి. లాటిన్‌లో ఆ మాట ‘పెర్సోనా’, నాటకాల్లో నటులు పెట్టుకునే ముఖం. అతను వరసగా వడగడతాడు. రాయిని పెర్సోనా అనం, చెట్టును అనం, గుర్రాన్నీ అనం. మనిషి అనే సామాన్యాన్ని కూడా అనం, సిసెరోను అంటాం, ప్లేటోను అంటాం. కాబట్టి వ్యక్తి అంటే వివేకం గల స్వభావపు విడి ద్రవ్యం. ద్రవ్యం అంటే డబ్బు కాదు, వేరేదాని మీద ఆనకుండా తనంతట తాను నిలిచేది. ఏ విడి వస్తువుకైనా చెల్లే తర్కపు మాట, వివేకం అన్న ఒక్క షరతుతో మనిషికీ దేవదూతకూ దేవుడికీ మాత్రమే చెల్లే గౌరవపు మాటగా మారింది. మన భాషలో ‘వ్యక్తి’ కుండనూ ఆవునూ వదిలి మనిషి దగ్గర ఆగినట్టే. దైవశాస్త్రం లేకపోతే తర్కం ఒక్కటే ఈ మాట పుట్టించేది కాదని నా నమ్మకం.

ఆ నిర్వచనం చేతికి రాకముందు, 5వ శతాబ్దం మొదట్లో, లాటిన్ చర్చి పెద్ద అగస్టీను ఎంత ఇబ్బంది పడ్డాడో తెలిస్తే దాని విలువ అర్థమవుతుంది. ముగ్గురు ఏమిటి అని అడిగితే ‘ముగ్గురు వ్యక్తులు’ అంటున్నాం, అది చెప్పడానికి కాదు, ఊరుకోలేక అన్నాడాయన. వచ్చాక కూడా ఇబ్బంది పోలేదు. 11వ శతాబ్దంలో సన్యాసి, దైవశాస్త్రవేత్త అన్సెల్మ్ ‘మూడు, అవి ఏమిటో నాకు తెలియదు’ అని రాసుకున్నాడు.

బోయెథియస్ తరవాత దాదాపు మూడు వందల ఏళ్ళు ఈ ప్రశ్నను ఎవరూ ముందుకు నడిపించలేదు. 9వ శతాబ్దంలో అది తిరిగి తలెత్తింది ఫ్రాన్సు ఉత్తరాన, మఠాల్లో. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం, ఎందుకంటే ఇక్కడ తగువుకు కారణం అగస్టీను రాసిన ఒక పేరా. ఆత్మలు ఎన్ని అని అడిగితే ఏం చెప్పను, ఒక్కటే అంటే ఒకడు సుఖంగా ఉండగా ఇంకొకడు దుఃఖంలో ఉన్నాడు, ఒకటే వస్తువు ఒకేసారి రెండూ కాలేదు గనుక నువ్వు కలవరపడతావు. ఒకటీ, అనేకమూ అంటే నువ్వు నవ్వుతావు. అనేకం మాత్రమే అంటే నన్ను చూసి నేనే నవ్వుకుంటాను. యువకుడిగా ఉన్నప్పుడు అగస్టీను అలా రాసి వదిలేశాడు. బోవే ప్రాంతపు సన్యాసి ఒకతను, మకారియస్ అనే ఐరిష్ గురువు దగ్గర నేర్చుకున్న పాఠంతో, దాన్ని పట్టుకుని మనుషులందరి ఆత్మా ద్రవ్యంగా ఒక్కటే, విడివిడిగా అనేకం అని వాదించాడు.

కార్బీ మఠపు రాట్రామ్నస్ 863 ప్రాంతంలో దీన్ని ఖండిస్తూ బోవే బిషప్ ఓడోకు పుస్తకం రాశాడు. అతని ఆయుధం బోయెథియస్ వ్యాఖ్యానమే. జాతులూ ఉపజాతులూ విడి వస్తువుల నుంచి ఆలోచన తయారుచేసుకునేవి, బయట ఉన్నవి విడి ఆత్మలే. ‘ఆత్మ’ అని సామాన్యంగా అన్నప్పుడు మనసులోని భావననే అంటున్నాం, ఎక్కడో నిలబడి ఉన్న ఒక ఉమ్మడి ఆత్మను కాదు. రాట్రామ్నస్ ఇంత పట్టుబట్టడానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. అందరిదీ ఒకే ఆత్మ అయితే నరకానికి పోయేది ఎవరు, పరలోకానికి పోయేది ఎవరు?

సరిగ్గా అదే దశాబ్దంలో, బోడితల చార్లెస్ రాజు ఆశ్రయంలో, ఇంకో ఐరిష్ పండితుడు ఎరియుజెనా ఎదురు దిక్కుకు నడిచాడు. గ్రీకు వచ్చినవాడు, నిస్సా గ్రెగొరీని లాటిన్ చేసినవాడు. అతని ‘పెరిఫిసియోన్’ అన్న పుస్తకంలో సారం, అంటే మనిషిని మనిషిగా చేసే స్వభావం, ఒక్కో విడి మనిషిలోనూ పూర్తిగానే ఉంటుంది. మనుషులందరినీ కలిపినా అది పెరగదు, ఒక్కణ్ణి తీసుకున్నా తరగదు. అదే సంప్రదాయంలో ఒసేర్‌కు చెందిన రెమీజియస్ మనిషిని ‘అనేక మనుషుల ద్రవ్యైక్యం’ అని నిర్వచించాడు. ఈ దారిలో విడి మనిషి సముద్రం మీద అలలాంటివాడు. అలలు ఎన్నైనా నీరు ఒకటే.

11వ శతాబ్దం చివరికి ఈ చర్చ మఠం గోడలు దాటి వీధిలో పడింది. తూర్నే పట్టణంలో ఓడో అనే గురువు (బోవే బిషప్ కాదు, రెండు వందల ఏళ్ళ తరవాతివాడు) బోయెథియస్ పద్ధతిలో తర్కాన్ని వస్తువుల గురించిన శాస్త్రంగా చెప్పేవాడు. లీల్‌లో రైంబెర్ట్ కొత్త పద్ధతిలో మాటల గురించిన శాస్త్రంగా చెప్పేవాడు. ఎవరిది సరి అని తేల్చుకోలేక తూర్నే చర్చి పెద్ద ఒకాయన రహస్యంగా ఒక మూగ, చెవిటి సోదెగాడి దగ్గరికి వెళ్ళాడట. సోదెగాడు ఎడమ అరచేతి మీద కుడిచేత్తో నాగలి సాలు గీసినట్టు గీసి ఓడో బడి వైపు చూపించాడు. లీల్ వైపు చూపించి, చెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ‘ఉఫ్’ అని ఊదాడు. ఓడో స్థాపించిన మఠపు చరిత్ర రాసిన హెర్మన్ ఇది చెప్పాడు, కాబట్టి సోదెగాడి తీర్పు ఎటు మొగ్గిందో ఆశ్చర్యపడనక్కర్లేదు. కానీ సామాన్యాల గురించి సోదె అడిగేంత ఆవేదన ఆ ఊళ్ళో ఉందన్నది నిజం.

ఓడోకు ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో జన్మపాపం మీద అతను రాసిన పుస్తకంలో కనిపిస్తుంది. శరీరం ఆదాము నుంచి తల్లిదండ్రుల ద్వారా వస్తుంది, సరే. ఆత్మను దేవుడు కొత్తగా చేస్తాడంటే, ఆ కొత్త ఆత్మకు ఆదాము పాపం ఎలా అంటుతుంది? ఓడో జవాబు: ఆదాము, అవ్వ పాపం చేసినప్పుడు మానవ స్వభావమంతా ఆ ఇద్దరిలోనే ఉంది, బయట ఎక్కడా లేదు. అంతా పాపంలో పడింది. ఆ తరవాత పుట్టే బిడ్డ కొత్త వ్యక్తి, కొత్త స్వభావం కాదు. స్వభావానికీ వ్యక్తికీ ఉన్న ఈ ఎడాన్ని నిలబెట్టడానికి ఫీనిక్స్ పక్షిని తెచ్చాడు. ఫీనిక్స్ ఎప్పుడూ ఒక్కటే ఉంటుందంటారు. అయినా ‘ఫీనిక్స్’ అన్న ఉపజాతి వేరు, ఈ ఫీనిక్స్ వేరు. ఉపజాతి పలువురికి చెల్లగలిగేది, ఈ పక్షి అలా చెల్లలేదు. ఒక్కటే ఉన్నా సామాన్యం సామాన్యమే. ఇది చాలా పదునైన మాట. అంతా చేసి, ఈ పక్షిని ఈ పక్షిగా చేసేదేమిటి అంటే మళ్ళీ ఆ పాత ఆగంతుక ధర్మాలే.

అటువైపు, మాటల పక్షాన, రోసెలిన్ అనే గురువు. సామాన్యాల మీద అతను రాసింది మనకు మిగల్లేదు, ప్రత్యర్థుల మాటల్లోంచే అతను వినిపిస్తాడు. సామాన్యం అంటే ‘గొంతులోంచి వచ్చే గాలి’ అన్నాడని అన్సెల్మ్ చెబుతాడు. ఉన్నవి విడి వస్తువులే అయితే త్రిత్వంలోని ముగ్గురూ ముగ్గురు దేవదూతల్లాగా మూడు వస్తువులే కావాలి. 1092 ప్రాంతంలో స్వాసోన్ ఊళ్ళో కూడిన చర్చి పెద్దల సభ ఆ మాటను అతని చేత వెనక్కి తీసుకునేలా చేసింది. అన్సెల్మ్ మందలింపు సూటిగా ఉంటుంది. అనేక మనుషులు ఉపజాతిలో ఒకే మనిషి ఎలా అవుతారో తెలియనివాడికి, అనేక వ్యక్తులు ఒకే దేవుడు ఎలా అవుతారో ఎలా తెలుస్తుంది? విడి వ్యక్తిని తప్ప మనిషిని ఊహించలేనివాడికి, దేవుని వాక్కు, అంటే కుమారుడు, మానవ వ్యక్తిని గాక మానవ స్వభావాన్ని ధరించిందని ఎలా బోధపడుతుంది?

రోసెలిన్ దగ్గర చదువుకున్న కుర్రాడు పియేర్ అబెలార్డ్, 1108 తరవాత ప్యారిస్‌లో గొప్ప పేరున్న గురువు షాంపో విలియం ఎదుట నిలబడ్డాడు. విలియం బోధన అప్పటికి స్థిరపడిన దారే: మనుషులందరిలో ఒకే సారం పూర్తిగా ఉంది, మైనం ముద్దకు వేర్వేరు ఆకారాలు వచ్చినట్టు ఆగంతుక రూపాల వల్లే సోక్రటీసు, ప్లేటో వేరవుతారు. అబెలార్డ్ రెండు దెబ్బలు కొట్టాడు. సోక్రటీసులో ఉన్న ‘జంతువు’, గాడిదలో ఉన్న ‘జంతువు’ ఒకటే వస్తువైతే, ఆ ఒకటే వస్తువు ఒకేసారి వివేకం ఉన్నదీ లేనిదీ అవుతుంది. ఇది అగస్టీను సుఖదుఃఖాల మాటకు మరో రూపమే. రెండో దెబ్బ మన గ్లాసుది. ఆగంతుక ధర్మం నిలవడానికి ముందు ఒక ద్రవ్యం ఉండాలి. చెక్కడానికి గ్లాసు ఉండాలి. అలాంటప్పుడు ఆ ధర్మమే ఈ ద్రవ్యాన్ని ఒకటిగా ఎలా చేస్తుంది? తనకు ఆధారమైనదానికి తానే ముందు ఎలా అవుతుంది?

విలియం వెనక్కి తగ్గాడు. సోక్రటీసు, ప్లేటో తమంతట తాముగానే వేరు, రూపాలన్నీ తీసేసినా వేరుగానే ఉంటారు, అయితే మనిషి కావడంలో వాళ్ళకు తేడా లేదు అని సవరించుకున్నాడు. ఆరు వందల ఏళ్ళకు ఎవరో తేటగా ఆ మాట అన్నారు: విడి వస్తువును విడిగా చేయడానికి ఇంకేదీ అక్కర్లేదు. అంతవరకూ అబెలార్డ్ కూడా ఒప్పుకున్నాడు. మిగతాది ఒప్పుకోలేదు. తేడా లేకపోవడమే ఒకటి కావడమైతే, రాయి కాకపోవడంలోనూ వాళ్ళిద్దరికీ తేడా లేదు, మరి రాయి కూడా వాళ్ళ సామాన్యమా అని అడిగాడు.

అతని సొంత జవాబులో వస్తువులన్నీ విడివే, సామాన్యం మాటకే చెల్లుతుంది. అయితే అది ఉత్త గాలి కాదు, అర్థం ఉన్న మాట. ‘మనిషి’ అన్న మాట పలువురికి సరిపోవడానికి కారణం వాళ్ళందరూ మనుషులై ఉండడం. ‘మనిషై ఉండడం’ అనేది ఇంకో వస్తువు కాదు. సంతకు వెళ్ళనన్నందుకు ఒకడికి దెబ్బలు పడ్డాయంటే, ‘వెళ్ళననడం’ దెబ్బలకు కారణమే, కానీ అదొక వస్తువు కాదు కదా. ఈ మాట నన్ను పూర్తిగా ఒప్పించదు, ఏమీ కానిది అంత పని చేయడం నాకింకా మింగుడుపడదు. అయినా గ్లాసులను గ్లాసులుగా వదిలి, వాటి పోలికను వాటి మీద మరో సామానుగా పేర్చకుండా ఉన్నవాడు అబెలార్డే.

1121లో అతను త్రిత్వం మీద రాసిన పుస్తకాన్ని విచారించడానికి సభ కూడింది. అదీ స్వాసోన్‌లోనే, ముప్ఫై ఏళ్ళ కిందట అతని గురువు తలవంచిన ఊళ్ళోనే. ముగ్గురు దేవుళ్ళని బోధించాడని ప్రచారం జరిగి, ఊళ్ళోకి వస్తుంటే జనం రాళ్ళతో కొట్టబోయారు. సభ అతని చేత్తోనే ఆ పుస్తకాన్ని మంటలో వేయించింది. తన విశ్వాసాన్ని తన మాటల్లో చెప్పుకుంటానంటే ఒప్పుకోలేదు, ఏ పిల్లవాడైనా వల్లించగల అథనాసియస్ విశ్వాస ప్రమాణాన్ని కాగితం చేతికిచ్చి చదవమన్నారు. అది అతనికి కంఠతా వచ్చు. వెక్కిళ్ళ మధ్య చదివానని అతనే రాసుకున్నాడు. ఆ ప్రమాణం మొదట్లోనే ఉంది, వ్యక్తులను కలిపేయకుండా, ద్రవ్యాన్ని విడదీయకుండా అన్న వాక్యం.